టార్చిలైటు పక్కన ఒక ఎర్ర మూత

శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో వైద్యం చేస్తున్న ఆర్‌ఎంపీలకు, మందుల షాపుల వారికి, కళ్లజోళ్ల షాపుల వారికి,

నమస్కారం. నేను ఉద్దానంలో ఒక పల్లెటూరి బ్రాంచి పోస్టుమాస్టరుని. ఈ ఉత్తరం కలెక్టరు గారికో, జిల్లా వైద్యాధికారి గారికో రాయమని ఇంట్లో అన్నారు. ఆలోచించాను. కన్ను మసకబారినప్పుడు మా చెల్లి ఆ పెద్దవాళ్లెవరి గుమ్మమూ తొక్కలేదు. మీ గుమ్మాలే తొక్కింది. ముందు ఊళ్లో ఆర్‌ఎంపీ గారి దగ్గరికి, తర్వాత టౌనులో కళ్లజోళ్ల షాపుకి, ఆ తర్వాత మందుల షాపుకి. అందుకే మీకే రాస్తున్నాను. ఎవరి పేరూ రాయను. వాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. మా నాన్నకి అర్ధరాత్రి ఆయాసం వస్తే కట్టుకున్న లుంగీతోనే పరిగెత్తుకొచ్చిన మనిషి మా ఆర్‌ఎంపీ గారు. జరిగింది తెలియక జరిగింది. తెలిస్తే ఇంకో ఇంట్లో జరగనివ్వరని నా నమ్మకం.

జబ్బు పేరు ఆప్టిక్ న్యూరైటిస్. కంటినరం వాపు అనుకోండి.

మా చెల్లికి అప్పుడు 29 ఏళ్లు. పలాసలో జీడి ఫ్యాక్టరీలో గ్రేడింగు పని. పొట్టు తీసిన పప్పు బల్ల మీద కుప్ప పోస్తే తెల్ల గుళ్లు ఒక పక్కకి, కాస్త మాడినవి ఇంకో పక్కకి, బద్దలు వేరే డబ్బాలోకి. పదేళ్ల అలవాటు, చేతులు వాటంతటవే పోతుంటాయి. మాఘమాసంలో ఒక రోజు పని నుంచి వచ్చి, "అప్పా, ఎడంకన్ను పక్కకి తిప్పితే లోపల పీకేస్తంది" అంది. మా వైపు అప్ప అంటే అక్క. చూశాను. కన్ను ఎర్రగా లేదు, నీరు కారడం లేదు, పుసి లేదు. అమ్మ నందివర్ధనం పూలు కోసుకొచ్చి కళ్ల మీద పెట్టి పడుకోబెట్టింది. వేడి చేసిందనుకున్నాం. "రెండ్రోజులు చూద్దాంలే" అన్నది నేనే.

మూడో రోజు పనిలో ఉండగా కుడికంట్లో పొట్టు నలుసు పడిందట. ఆ కన్ను మూసి నులుముకుంటూ బల్ల వైపు చూస్తే తెల్ల గుళ్లకీ మాడిన గుళ్లకీ తేడా లేదు, అంతా ఒకే బూడిద రంగు. రాత్రి అద్దం ముందు నిలబడి ఒక్కో కన్నూ మూసి చూసుకుంది. "ఓలప్పా, ఈ కంటికి కుంకం ఇటికిరాయి పొడిలాగ అవుపడతంది" అంది. ఈ మాట నా చెవిలో ఇప్పటికీ ఉంది. ఎందుకంటే జబ్బు పేరు ఆ మాటలోనే ఉంది. మాకు చదవడం రాలేదు.

మర్నాడు ఆర్‌ఎంపీ గారు కంట్లో చుక్కలు ఇచ్చారు. నొప్పికి ఒక ఇంజక్షన్, నరాల బలహీనతకి ఒక బికాంప్లెక్స్ ఇంజక్షన్ చేశారు. వారం గడిచింది. చూపు ఇంకా తగ్గింది. టౌనుకి వెళ్లి కళ్లజోళ్ల షాపులో కంప్యూటరు పరీక్ష చేయించాం. సైటు వచ్చిందన్నారు. 1,800 రూపాయలకి జోడు చేయించాం. ఆ జోడు పెట్టుకున్నా ఎడంకంటికి గోడ మీద క్యాలెండరులో దేవుడి బొమ్మ కూడా ఆనలేదు. "అలవాటవ్వాలి, పది రోజులు పడుతుంది" అన్నారు. అలవాటు కోసం పది రోజులు ఎదురుచూశాం. తర్వాత మందుల షాపులో "లోపల నరం నొప్పెడుతోంది" అని చెబితే ప్రెడ్నిసొలోన్ అనే స్టీరాయిడ్ మాత్రలు ఇచ్చారు. నాలుగు రోజులకి నొప్పి పోయింది. చూపు కొంచెం తేరుకున్నట్టే అనిపించింది. అమ్మ అరసవల్లి వైపు తిరిగి దణ్ణం పెట్టుకుంది. మాత్రలు అయిపోయాయి, మానేశాం. మానేసిన వారానికి ఎడమకన్ను పూర్తిగా చీకటైపోయింది.

నొప్పి మొదలైన రోజు నుంచి విశాఖపట్నంలో కంటి డాక్టరు ముందు కూర్చున్న రోజుకి 38 రోజులు. ఈ ఉత్తరమంతా ఆ 38 రోజుల గురించే.

ఆ డాక్టరమ్మ చేసిన మొదటి పరీక్షకి మిషను లేదు. గదిలో లైట్లు ఆర్పించారు. దూరంగా గోడ మీదకి చూస్తూ ఉండమన్నారు. కుడికంట్లో టార్చి వేశారు. మిరియం గింజంత ఉన్న కంటిపాప ఆవగింజంత అయింది. మూడు లెక్కపెట్టి టార్చి ఎడమకంటి మీదకి జరిపారు. వెలుతురు పడింది కాబట్టి చిన్నగానే ఉండాలి కదా. నా కళ్లెదుటే ఆ పాప మెల్లగా పెద్దదయింది. మళ్లీ కుడి, చిన్నది. మళ్లీ ఎడమ, పెద్దది. నన్ను దగ్గరికి పిలిచి చూపించారు. వెలుతురు కంట్లో పడుతోంది గానీ ఆ కబురు మెదడుకి అందడం లేదని, అందుకే చీకట్లో ఉన్నట్టు పాప విచ్చుకుంటోందని చెప్పారు. తర్వాత టేబుల్ మీదున్న చుక్కల సీసా ఎర్ర మూత చేతిలోకి తీసుకుని, మాకు తోడొచ్చిన మా చిన్నాన్న కూతురిని ముందు కూర్చోబెట్టి చేసి చూపించారు, ఎందుకంటే చెల్లి ఎడమకంటికి ఆపాటికి ఏ రంగూ లేదు. "కుడికంటికి ఇది రూపాయి ఎరుపు అనుకోమనండి. ఎడంకంటికి ఎన్ని పైసల ఎరుపో అడగండి. జబ్బు మొదట్లోనే అడిగి ఉంటే ఈ అమ్మాయి అర్ధరూపాయో పావలానో అని ఉండేది" అన్నారు. నాకు కుంకం గుర్తొచ్చింది.

ఆ పరీక్షకి కావలసినవి ఒక టార్చి, ఒక ఎర్ర మూత, రెండు నిమిషాలు. మీ అందరి దగ్గరా ఉన్నాయి.

ఇప్పుడు నేను అర్థం చేసుకున్నంతలో ఆ నరం సంగతి చెబుతాను. కంటిలోపలి తెర నుంచి మెదడుకి చూపు మోసుకెళ్లే ఈ నరంలో ఇంచుమించు 10 నుంచి 12 లక్షల సన్నటి పోగులు ఉంటాయి. రెండు కళ్ల నరాలూ కలిసే చోటు దాకా దాని పొడవు సుమారు 5 సెంటీమీటర్లే. ఒక్కో పోగుకీ కరెంటు తీగకి ఉన్నట్టు తొడుగు ఉంటుంది, మైలిన్ అంటారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన మీద విరుచుకుపడ్డాక చూశాం కదా, తీగ తెగని చోట కూడా తొడుగు ఒలిచిపోయి కరెంటు సరిగ్గా రాక మోటారు తిరిగీ తిరగనట్టు ఉండేది. కంటినరం వాచినప్పుడు జరిగేది దాదాపు అదే. ఒంట్లో మనల్ని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే దారితప్పి ఆ తొడుగు మీద పడుతుంది. ముందు రంగులు వెలిసిపోతాయి, అందులోనూ ఎరుపు. తర్వాత చూపు మధ్యలో మచ్చ, తర్వాత మసక. గంటల్లో మొదలై రోజుల్లో ముదురుతుంది. కన్ను తిప్పితే నొప్పి ఎందుకంటే, కంటిని తిప్పే కండరాల మొదళ్లు వెనకాల ఆ నరం పైపొరని అంటుకునే ఉంటాయి. కండరం లాగినప్పుడల్లా వాచిన నరం కూడా లాగబడుతుంది.

కంట్లో చుక్కలు వేస్తే అవి కంటి ముందు భాగానికి పనిచేస్తాయి. నరం గుడ్డు వెనకాల ఉంది. అద్దాలు వెలుతురుని సరైన చోట పడేలా చేస్తాయి, అంతే. వెలుతురు సరిగ్గా పడ్డాక మోసుకెళ్లేది తెగితే ఏ పవరు పెట్టి ఏం లాభం? కళ్లజోళ్ల షాపుల వారికి ఇక్కడ ఒక మాట. మీ ట్రయల్ సెట్టులో మధ్యలో సన్న చిల్లు ఉన్న నల్ల బిళ్ల ఉంటుంది. చూపు తగ్గిన కంటికి అది పెట్టి బోర్డు చదివించండి. చిల్లులోంచి బాగా కనబడితే అది అద్దాలతో తీరే దోషం కావచ్చు. ఏమీ మెరుగు లేకపోతే దయచేసి జోడు రాయకండి, కంటి డాక్టరు దగ్గరికి పంపండి. మీ అమ్మకం ఒకటి తగ్గుతుంది, నిజమే. మా ఊరి వాళ్లు మాత్రం మీ షాపుని జన్మలో మరిచిపోరు.

ఇంకో తికమక కూడా ఉంది. కంటి డాక్టరు లోపలికి లైటు వేసి చూసినా, ఈ జబ్బున్న ముగ్గురిలో ఇద్దరికి నరం మొన మామూలుగానే కనిపిస్తుంది. వాపు ఇంకా వెనకాల ఉంటుంది కాబట్టి. మా చెల్లికీ అలాగే ఉంది. రోగికీ ఏమీ కనబడదు, డాక్టరుకీ ఏమీ కనబడదు అని ఈ జబ్బు గురించి డాక్టర్లే చెప్పుకుంటారట. అందుకే "లోపల అంతా బాగానే ఉంది, టెన్షన్ పడకండి" అని ఒక చోట అన్నా, టార్చి తేడా ఉంటే వదిలిపెట్టకూడదు. ఎమ్మారై తీస్తేనే ఆ వాపు బయటపడుతుంది.

ఇక మాత్రల సంగతి. మందుల షాపుల వారు ఈ పేరా మాత్రం రెండుసార్లు చదవండి.

స్టీరాయిడ్ ఈ జబ్బుకి మందే. కానీ ఎంత, ఎలా అన్నదే అసలు సంగతి. అమెరికాలో 1988లో మొదలుపెట్టి 457 మంది రోగుల్ని మూడు గుంపులు చేసి చూశారు. ఒక గుంపుకి మూడు రోజులపాటు రోజుకి ఒక గ్రాము మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టీరాయిడ్ సెలైన్‌లాగ రక్తనాళంలోకి ఎక్కించి తర్వాత మాత్రలిచ్చారు. రెండో గుంపుకి మొదటి నుంచీ మామూలు మోతాదు ప్రెడ్నిసోన్ మాత్రలే. మూడో గుంపుకి మందు లేని ఉత్తుత్తి మాత్రలు. రక్తనాళంలోకి ఎక్కించిన వాళ్లకి చూపు త్వరగా తిరిగొచ్చింది. మాత్రలు మాత్రమే వాడిన వాళ్లకి మేలు జరగకపోగా జబ్బు తిరగబెట్టడం ఎక్కువైంది. ఐదేళ్లు గడిచేసరికి ఆ గుంపులో నూటికి 41 మందికి తిరగబెట్టింది, మిగతా రెండు గుంపుల్లో 25 మందికి. ఉత్తుత్తి మాత్రలు మింగినవాళ్లే నయమన్నమాట. ఈ సంగతి 1992లోనే లోకానికి తెలిసింది. మన కౌంటరు దాకా ఇంకా రాలేదు. డాక్టరు చీటీ లేకుండా, కన్ను నొప్పి అన్నవాళ్లకి నాలుగు రోజుల ప్రెడ్నిసొలోన్ కట్టివ్వకండి. అది జబ్బుని తగ్గించదు. తగ్గినట్టు చూపించి, పరిగెత్తాల్సిన మనిషిని ఇంట్లో కూర్చోబెడుతుంది. మమ్మల్ని కూర్చోబెట్టినట్టే.

ఇది చదివి ఆ పెద్ద ఇంజక్షన్ మనమే సెలైన్‌లో కలిపి ఎక్కించేద్దాం అని కూడా ఎవరూ అనుకోవద్దు. అంత మోతాదు స్టీరాయిడ్‌కి షుగరు, బీపీ ఒక్కసారిగా పెరగొచ్చు, లోపల దాగి ఉన్న టీబీ లేవొచ్చు. మా చెల్లికి ముందు రక్తపరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే చేసి, వార్డులో పడుకోబెట్టి, మధ్యమధ్యలో బీపీ చూస్తూ ఎక్కించారు. నోరంతా ఇనుము నాకినట్టు ఉందనేది. రాత్రంతా నిద్ర పట్టేది కాదు, ఊరికే ఏడ్చేది. మందు వల్లే అలా ఉంటుందని నర్సమ్మ చెప్పింది.

పైన చెప్పిన పరిశోధన మామూలు రకం మీద చేసింది. ఆ రకం వచ్చినవాళ్లు భయపడాల్సిన పని అంతగా లేదు. ఏడాది తిరిగేసరికి పదిలో తొమ్మిది మందికి పైగా చూపు బాగానే కోలుకుంటుంది. ఎక్కువగా 20 నుంచి 45 ఏళ్ల మధ్య వాళ్లకి, మగవాళ్లకంటే ఆడవాళ్లకి వస్తుంది. అందులో కొందరికి ముందుముందు మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు రావచ్చు, ఎమ్మారైలో మెదడు చూస్తే ఆ అవకాశం ఎంతో అంచనా దొరుకుతుంది. మా చెల్లిది వేరే రకం.

రక్తం తీసి ఆక్వాపోరిన్-4 యాంటీబాడీ పరీక్షకి పంపారు. రిపోర్టు రావడానికి ఆరు రోజులు పట్టింది గానీ డాక్టర్లు దాని కోసం ఆగలేదు, ఆ సాయంత్రమే మందు మొదలుపెట్టారు. ఎమ్మారైకి ముందు "ఏ ఊరమ్మా?" అని అడిగారు. ఉద్దానం అనగానే ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూడందే రంగు మందు ఎక్కించం అన్నారు. మన ఊళ్ల పేరు చెబితే కిడ్నీ జబ్బే గుర్తొచ్చే రోజులు కదా. మీరు కూడా మనవాళ్లకి నొప్పి ఇంజక్షన్ చేసేముందు ఆ సంగతి మనసులో పెట్టుకోండి.

రిపోర్టు పాజిటివ్ వచ్చింది. న్యూరోమైలైటిస్ ఆప్టికా. 1894లో ఫ్రాన్సులో దెవిక్ అనే డాక్టరు రాసిపెట్టిన జబ్బు. అసలు కారణం మాత్రం 2004, 2005లలో గానీ దొరకలేదు. మెదడులో, వెన్నుపాములో, కంటినరంలో కొన్ని కణాలకి నీళ్లు వచ్చిపోయే తూములు ఉంటాయి, వాటినే ఆక్వాపోరిన్-4 అంటారు. చెరువుకి తూము ఉన్నట్టే. ఆ తూముల మీద, రోగాలతో పోరాడాల్సిన మన రక్తంలోని యాంటీబాడీలే పడి పాడుచేస్తాయి. మామూలు రకంలోలాగ ఇందులో చూపు దానంతటది తిరిగిరాదు. ఒక్కో దెబ్బకీ కొంత పోతుంది, పోయింది పోయినట్టే ఉంటుంది. తర్వాతి దెబ్బ రెండో కంటి మీద పడొచ్చు, వెన్నుపాము మీద పడి కాళ్లు పడిపోవచ్చు. అందుకే ఇందులో రోజులు లెక్క. ఎన్నిరోజులైంది అని డాక్టరు అడిగితే 38 అని చెప్పడానికి నా నోరు రాలేదు. చెల్లే చెప్పింది.

అప్పుడు డాక్టరు ఇంకో ప్రశ్న వేశారు. "ఎప్పుడైనా ఎక్కిళ్లు, వాంతులు ఆగకుండా వచ్చాయా?" నేనూ అమ్మా మొహమొహాలు చూసుకున్నాం. ముందటి కార్తీకంలో తొమ్మిది రోజులు ఎక్కిళ్లు. తింటే వాంతి. గ్యాస్ అన్నారు, పంచదార తినమన్నారు, ఎవరో గుర్తు చేసుకుంటున్నారన్నారు. ఎండోస్కోపీ కూడా చేయించాం, ఏమీ లేదన్నారు. అది కడుపు జబ్బు కాదట. మెదడు కింది భాగంలో వాంతిని అదుపు చేసే చోట ఆ తూములు ఎక్కువగా ఉంటాయి. జబ్బు మొదటి దెబ్బ అక్కడ పడిందన్నమాట. ఎక్కిళ్లు వచ్చిన ప్రతివాళ్లకీ ఈ జబ్బు ఉంటుందని కాదు. రోజుల తరబడి ఆగని ఎక్కిళ్లు, కారణం తెలియని వాంతులు, ఆ తర్వాత ఎప్పుడైనా కన్ను మసక, లేదా కాళ్లలో తిమ్మిరి, ఒంటేలు బిగుసుకుపోవడం ఉంటే మాత్రం ఆ రెండింటినీ ఒక చీటీ మీద రాసి పంపండి. ముందు జరిగినదీ ఇప్పుడు జరిగేదీ కలిపి చూడగలిగింది మీరే. పట్నం డాక్టరు ఆమెని ఆ రోజే చూస్తాడు, మీరు పుట్టినప్పటి నుంచీ చూస్తున్నారు.

ఐదు రోజుల స్టీరాయిడ్‌తో చూపు రాలేదు. ప్లాస్మా ఎక్స్ఛేంజ్ చేయాలన్నారు. రక్తాన్ని మిషనులోకి పంపి, అందులో ప్లాస్మా అనే పల్చటి ద్రవాన్ని ఆ పాడు యాంటీబాడీలతో సహా తీసేసి, బదులుగా ఆల్బుమిన్ అనే ప్రొటీన్ ద్రవం కలిపి మళ్లీ ఎక్కిస్తారు. రోజు విడిచి రోజు, ఐదుసార్లు. మొదటిరోజు గొట్టాల్లో చెల్లి రక్తం తిరుగుతూ ఉంటే తలుపు సందులోంచి చూసిన అమ్మ అక్కడే కూలబడిపోయింది. ఉద్దానంలో పుట్టిన మనిషికి ఆ మిషను చూస్తే ఒకటే అర్థం. "నా గుంటకి కిడ్నీలు కూడా పోనాయా?" అని ఒకటే ఏడుపు. కాదమ్మా, ఇది డయాలసిస్ కాదు, వేరే అని నర్సమ్మ గంటసేపు కూర్చుని చెప్పింది. ఆ గంట ఆమె ఇవ్వకపోతే మేం సగంలో లేచి వచ్చేసేవాళ్లమేమో.

ఈ ప్లాస్మా మార్పిడి ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు. మొదటి రోజుల్లో చేసినవాళ్లకీ, వారాలు దాటాక చేసినవాళ్లకీ ఫలితంలో చాలా తేడా. మా చెల్లికి ఎడమకంటితో ఇప్పుడు మూడు గజాల దూరంలో చేతివేళ్లు లెక్కపెట్టేంత చూపు ఉంది. కుడికన్ను నిలిచింది. అది నిలబడ్డానికి ఆరు నెలలకోసారి రిటుక్సిమాబ్ అనే మందు ఎక్కిస్తున్నారు. ఆ తేదీ నా పోస్టాఫీసు క్యాలెండరులో ఎర్ర ఇంకుతో రాసి ఉంటుంది.

ఇంకొకటి చెప్పాలి, ఎందుకంటే ఈ రోగులు ఎండాకాలంలో మీ దగ్గరికే పరిగెత్తుకొస్తారు. ఆ ఏడు వైశాఖంలో మొక్కు తీర్చడానికి అరసవల్లి వెళ్లాం. ఆదివారం, జనం, క్యూలైనులో రెండు గంటలు. ఎండ నెత్తికెక్కే వేళకి చెల్లి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అప్పా, మళ్లీ పోయింది" అంది. ఆ కాస్త చూపూ ఆరిపోయింది. నా గుండె ఆగినంత పనైంది. పక్కకి తీసుకొచ్చి నీడలో కూర్చోబెట్టి, మొహం తడిపి, చల్లటి నీళ్లు తాగించాం. అరగంటకి మళ్లీ నా వేళ్లు లెక్కపెట్టింది. తర్వాత దర్శనం కూడా చేసుకుంది. దీన్ని 1890లో ఊథాఫ్ అనే జర్మన్ డాక్టరు గమనించి రాశాడట. ఒళ్లు వేడెక్కితే తొడుగు దెబ్బతిన్న నరంలో కబురు నడవదు, చల్లబడితే నడుస్తుంది. ఎండ, జ్వరం, పొయ్యి దగ్గర ఎక్కువసేపు పని, వేడినీళ్ల స్నానం, వీటికి మసకేసి చల్లబడగానే తేరుకుంటే అది కొత్త దెబ్బ కాదు, స్టీరాయిడ్ అక్కర్లేదు. చల్లబడినా రాకుండా రోజు దాటితే మాత్రం ఆగకూడదు.

టీబీ మందులు వాడుతున్నవాళ్ల సంగతి వేరు. అందులో ఇథాంబ్యుటాల్ కొందరికి కంటినరాన్ని దెబ్బతీస్తుంది. అది వాపు కాదు, మందు విషం. నొప్పి ఉండదు, రెండు కళ్లూ కలిసి మెల్లగా మసకబారతాయి, ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియదు. అలా ఎవరైనా అంటే సైటు అనుకోకుండా ఆ రోజే టీబీ మందులు ఇచ్చే డాక్టరుకి చెప్పించండి. రోగి తనంతట తాను టీబీ మందులన్నీ మానేయడం కూడా ప్రమాదమే.

నేను అడిగేది పెద్ద పని కాదు. పడుచువాళ్లెవరైనా ఒక కన్ను రోజుల్లోనే మసకేసిందని వస్తే, ఆ కన్ను ఎర్రగా లేకపోతే, తిప్పితే నొప్పా అని అడగండి. అమెరికా పరిశోధనలో నూటికి 92 మందికి నొప్పి ఉంది. ఒక్కో కన్నూ మూయించి ఎర్ర మూత చూపించండి. రెండు కళ్లూ తెరిచి ఉంటే మంచి కన్ను ఆ లోటుని కప్పేస్తుంది, అందుకే మా చెల్లికి మూడు రోజులదాకా తెలియలేదు. గది చీకటి చేసి టార్చి ఇటూ అటూ జరపండి. తేడా కనబడితే చుక్కలు వద్దు, మాత్రలు వద్దు, జోడు వద్దు. ఒక చీటీ రాయండి. ఎన్ని రోజులైంది, ఏ కన్ను, ఏం గమనించారు, ఇప్పటిదాకా ఏ మందు ఇచ్చారు. శ్రీకాకుళం ప్రభుత్వాసుపత్రి కంటి విభాగానికో, విశాఖలో ప్రాంతీయ కంటి ఆసుపత్రికో, కేజీహెచ్‌లో నరాల డాక్టర్ల దగ్గరికో, ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రికో ఆ రోజే బయల్దేరదీయండి. పలాసలో పొద్దున్న రైలెక్కితే మధ్యాహ్నానికి విశాఖలో ఉంటారు. టార్చి తేడా తెలియకపోయినా, మీకు అనుమానంగా ఉంటే పంపండి. ఏమీ లేదని తిరిగొస్తే రైలు ఖర్చే కదా పోయేది. మీ చీటీ చేతిలో ఉంటే అక్కడ ఓపీ లైనులో నిలబడ్డ మనిషికి ఎంత ధైర్యమో ఉత్తరాల పనిలో ఉన్న నాకు తెలుసు.

చెల్లి ఇప్పుడు గ్రేడింగు బల్ల దగ్గర లేదు. ఒంటికన్నుతో రోజంతా రంగులు చూస్తే తలనొప్పి వస్తోందని యజమాని తూకం దగ్గర కూర్చోబెట్టారు. డబ్బాలు తూచి పుస్తకంలో రాస్తుంది. జీతం కాస్త తగ్గింది.

ఈ ఉత్తరం మీకు పంపేముందు మా ఊరి ఆర్‌ఎంపీ గారి దగ్గరికి తీసుకెళ్లి మొత్తం చదివి వినిపించాను. ఆయన గురించి రాశాను కాబట్టి ఆయనకి తెలియకుండా పంపడం ధర్మం కాదనిపించింది. చాలాసేపు మాట్లాడలేదు. చెల్లికి ఇప్పుడెలా ఉందని అడిగారు. తర్వాత సొరుగు లాగి, అయిపోయిన చుక్కల సీసా ఒకటి వెతికి, దాని ఎర్ర మూత విప్పి, తన టార్చిలైటుకి రబ్బరు బ్యాండుతో కట్టుకున్నారు.

ఇట్లు,
ఉద్దానం నుంచి ఒక బ్రాంచి పోస్టుమాస్టరు